వంశావళియే చరిత్రమా? పారసీక రాజవంశముల కథ

దేశచరిత్రమనగా రాజుల చరిత్రమనియు, రాజుల చరిత్రమనగా వంశముల చరిత్రమనియు తలచువారు మనలో ననేకులు గలరు. పండితులలో గలరు, పామరులలో గలరు. పాఠ్యగ్రంథములు వ్రాయువారిలో మఱింత యెక్కువగా గలరు. ఏ వంశము ఎన్ని యేండ్లు ఏలెను, ఎవనికి పిదప ఎవడు గద్దె నెక్కెను అను పట్టికను వల్లించినవాడు చరిత్రవేత్త యని వారి మతము. వంశమెంత ప్రాచీనమో దేశమంత గొప్పది. రక్తమెంత యవిచ్ఛిన్నమో రాజ్యమంత న్యాయ్యము. ఈ భావములన్నియు నొక్క తీగకు గాచిన కాయలు. ఆ తీగ వేరు కుళ్లినదని నిరూపించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము. ఇందులకు పారసీక దేశమును నిదర్శనముగా గైకొనుచున్నాము. ఏలయనగా, వంశాభిమానమునకు ఇంతకంటె గొప్ప కోట లోకమున లేదని ఆ పక్షమువారే చెప్పుచుందురు. కోట కూలినచో బురుజులతో పని యుండదు.

1971వ సంవత్సరము అక్టోబరు నెలలో ఇరాను రాజగు మహమ్మద్ రెజా పహ్లవీ, పెర్సిపోలిసు శిథిలముల యెదుట గొప్ప గుడారముల నగరమును నిర్మింపజేసి, అనేక దేశముల రాజులను, అధ్యక్షులను రావించి, పారసీక రాజరికమునకు 2500 సంవత్సరములు నిండినవని యుత్సవము చేసెను. విందునకు వంటలు వండినవారు పారిసు నగరపు భోజనశాలవారు. పసార్గదేలోని సైరసు సమాధి యెదుట నిలిచి, రాజు రాజుతో మాటలాడినట్లు ఆ ప్రాచీనుని సంబోధించి ప్రసంగించెను. అంతటితో తృప్తి కలుగలేదు. 1976లో శకమునే మార్చిరి. నిన్నటివఱకు 1355 అని వ్రాయుచుండిన జనులు సైరసు పట్టాభిషేకమునుండి లెక్కించి 2535 అని వ్రాయవలసి వచ్చెను. ఒక్క యాజ్ఞతో దేశమునకు 1180 ఏండ్ల వయస్సు హెచ్చినది! రెండేండ్లకే, 1978లో, ఆ లెక్కను వెనుకకు దీసికొనిరి. 1979 జనవరి 16వ తేదీన రాజు దేశము విడిచెను. ఫిబ్రవరి 11వ తేదీతో రాజరికమే ముగిసెను.

2500 ఏండ్లని చాటిన యా వంశము వయస్సెంత? రాజు తండ్రియగు రెజాఖాను కొసాకు దళమున సైనికుడుగా జేరి, అధికారియై, 1921లో సేనాబలముతో టెహ్రానును పట్టుకొని, 1925లో రాజయ్యెను. 'పహ్లవీ' యను వంశనామము ప్రాచీన భాష పేరునుండి యేరి తెచ్చుకొన్నది. రాజులు ఇద్దఱు, ఏండ్లు 53. తండ్రి 1941లో ఆంగ్లేయ, రష్యా సేనలు దేశమున బ్రవేశింపగా గద్దె దిగి, 1944లో దక్షిణాఫ్రికాలో మరణించెను. కొడుకు 1980లో కైరో నగరమున మరణించెను. ఇది మేము పరిహాసమునకు చెప్పుట లేదు. సామాన్య సైనికుడు స్వశక్తిచే పైకి వచ్చుట సిగ్గుపడదగిన పని గాదు. ఆ సత్యమును మఱుగుపఱచి, ఎన్నడో గతించిన మహారాజును తాతగా దెచ్చుకొనుటయే సిగ్గుపడదగినది. మన పెద్దలు "తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడు"డను సామెత చెప్పుదురు. ఇచ్చట నేయి త్రాగిన తాత సైతము పరుని తాతయే!

మొదట అవిచ్ఛిన్నత యను మాటను పరీక్షింతము. సైరసు క్రీ. పూ. 539లో బాబిలోనును గెలిచెను. ఆయన స్థాపించిన రాజ్యము క్రీ. పూ. 330లో, అలెగ్జాండరు తఱుముకొని వచ్చుచుండగా మూడవ డేరియసు తన సామంతులచేతనే చంపబడుటతో అంతరించెను. పిదప గ్రీకులగు సెల్యూకసు వంశమువారు ఏలిరి. వారిని త్రోసి వచ్చిన అర్షకు వంశపు పార్థియనులు ఈశాన్యదిక్కునుండి వచ్చినవారు. క్రీ. శ. 224లో వారిని పడగొట్టి సాసాను వంశపు అర్దషీరు రాజయ్యెను. ఆ వంశము 651లో మూడవ యజ్దగిర్దు మర్వు నగర సమీపమున హతుడగుటతో తీఱిపోయెను. అది మొదలు 1501లో సఫవీ వంశీయుడగు ఇస్మాయిలు తబ్రీజున రాజగువఱకు 850 సంవత్సరములు. ఈ యెనిమిదిన్నర శతాబ్దములలో పారసీక దేశమంతయు స్వదేశీయమైన యొక్క వంశము క్రింద నుండిన కాలము లేదు. అరబ్బు ఖలీఫాలు ఏలిరి, తురుష్కులగు గజ్నవీలును సెల్జూకులును ఏలిరి, మంగోలుడగు హులాగు సంతతివారు ఏలిరి, తైమూరు ఏలెను. సఫవీల కొలువున సైతము వాడుకగా వినబడినది తురుష్కభాషయే. నాదిర్షా అఫ్షారు తురుష్కుడు, కజారులును తురుష్కులే. వీరిని పరాయివారని నిందించుట మా తలంపు గాదు. దేశమునకు మేలు చేసినవారు వారిలోను గలరు. అఖండమని చెప్పబడు దారము ఎన్నిమార్లు తెగెనో లెక్కించుచున్నాము, అంతియే.

దారము తెగినప్పుడెల్ల ముడివేయువారు దొరకుచునే వచ్చిరి. సింహాసనము దొరకినవానికి తాత దొరకుట కష్టమా? ఈ విద్య సఫవీలతోనో పహ్లవీలతోనో పుట్టినది గాదు. మొదటి వంశముతోనే పుట్టినది. క్రీ. పూ. 522లో డేరియసు రాజ్యమును జేజిక్కించుకొని, బెహిస్తూను కొండమీద మూడు భాషలలో పెద్ద శాసనము చెక్కించెను. తనకు పూర్వము తన వంశమున నెనిమిదిమంది రాజులుండిరనియు, తాను తొమ్మిదవవాడననియు నందు చెప్పుకొనెను. కాని యా శాసనమే యాయన తండ్రి విష్టాస్పుడు అప్పటికి బ్రతికియుండి పార్థియాలో సేన నడపుచుండెనని చెప్పుచున్నది. తాతయు నప్పటికి బ్రతికియుండెనని కొడుకగు జెర్క్సీసు శాసనమువలన దెలియుచున్నది. తండ్రియు తాతయు జీవించియుండగా వారిద్దఱును రాజులుగాక మనుమడు వంశక్రమమున రాజగుట యెట్లు? సైరసు తన మట్టి శాసనమున దన పూర్వులను తెయిస్పు వఱకు జెప్పెనే గాని, హఖామనిషుని పేరెత్తలేదు. ఆ పేరుతో రెండు శాఖలను గలిపినవాడు డేరియసు. తాను చంపినవాడు సైరసు కుమారుడగు బర్దియుడు గాడనియు, వాని వేషము వేసికొన్న గౌమాతుడను పూజారియనియు డేరియసు చెప్పెను. నేటి చరిత్రకారులలో బలువురు ఆ మాట నమ్ముట లేదు. ఒక్క సంవత్సరములో పందొమ్మిది యుద్ధములు చేసి తొమ్మిదిమంది రాజులను పట్టుకొంటినని యాయనయే వ్రాసికొనెను. వంశము నిర్వివాదమైనచో ఇన్ని యుద్ధములేల?

సాసాను వంశపు మూలపురుషుడగు సాసానుడెవడు? ఒక గ్రంథమున నాతడు అర్దషీరు తండ్రియగు పాపకునకు తండ్రి. మఱియొక గ్రంథమున పాపకుని గొఱ్ఱెలు కాచి, పాపకుని కూతును బెండ్లాడి, అర్దషీరునకు తండ్రియైనవాడు. రహస్యముగా డేరియసు సంతతివాడు! పదవ శతాబ్దమున బువైహు వంశపు సోదరులు కాస్పియను తీరమునుండి వచ్చి బాగ్దాదును గూడ లోబఱచుకొనిరి. వారి తండ్రి జాలరి యని చెప్పుదురు. రాజ్యము రాగానే సాసాను వంశపు బహ్రాము గూరుని సంతతివార మని వారికి వంశవృక్షము మొలచినది. ఆ వృక్షమును నమ్మక, శంకించి వ్రాసిన మహావిద్వాంసుడు అల్ బిరూనీ. మన దేశమునకు వచ్చి మన శాస్త్రములను శ్రద్ధతో పఠించిన యా బిరూనీయే యిదియు జేసెను. ఇక సఫవీలు. వీరి మూలపురుషుడగు షేకు సఫీ జీవితమును దెలుపు 'సఫ్వతుస్సఫా' యను గ్రంథమును పదునాఱవ శతాబ్దమున షా తహ్మాస్పు కాలములో సవరించిరి. పాత వ్రాతప్రతులను సరిపోల్చి, ప్రవక్త సంతతివారమను వారి వాదము తరువాత జొప్పించినదని 1920ల దశాబ్దమున నిరూపించినవాడు అహ్మద్ కస్రవీ. నిజము చెప్పుటయే వ్రతముగా గల యా విద్వాంసుడు తన మతవిమర్శలకు ఫలముగా 1946లో టెహ్రాను న్యాయస్థానముననే హత్య చేయబడెను. వంశవృక్షములను నాటినవారికి బహుమానములు దొరకెను. వాని వేళ్లు త్రవ్వి చూచినవానికి దొరకిన ఫలమిది.

పోనిండు, రక్తము నిజమైనదే యనుకొందము. ఆ రక్తము తన రక్తమును గౌరవించెనా? వంశమనిన బ్రాణమిచ్చువారు తమ వంశమువారి ప్రాణముల నెట్లు చూచిరి? అర్షకు వంశపు నాలుగవ ఫ్రాతుడు తండ్రిని, సోదరులను జంపి రాజయ్యెను. కడపట భార్యయు కొడుకును గలిసి యాతని జంపిరి. సాసాను వంశపు రెండవ ఖుస్రోను 628లో కుమారుడగు షిరూయే కూలద్రోసి చంపించెను. అంతటితో నూరకుండక తన సోదరులనందఱిని జంపించెను. కొలది నెలలకే తాను మహామారికి బలియయ్యెను. ఆ మీది నాలుగేండ్లలో సుమారు పదిమంది గద్దె నెక్కిరి, దిగిరి. వారిలో నొకడు ఏడేండ్ల బాలుడు. వానిని జంపి రాజైనవాడు సేనాధిపతి. మగసంతతి మిగులనీయకపోవుటచేతనే బోరాను, ఆజర్మీదుఖ్తు అను నిద్దఱు రాజకుమార్తెలకు సింహాసనము దక్కినది. ఇల్లు చక్కగా నున్నంతకాలము స్త్రీ పాలనకు అర్హురాలు కాదు. ఇల్లు కాలిన పిదప బూడిద యెత్తుటకు మాత్రమామె కావలెను! ఈ నీతి మన పాఠికలకు క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. అరబ్బు సేనలు వచ్చినప్పుడు అంత పెద్ద సామ్రాజ్యము ఏల నిలువలేకపోయెనని యాశ్చర్యపడువారు, వంశావళి పట్టికలో ఈ నాలుగేండ్ల పంక్తులను మఱియొకమారు చదువుదురుగాక.

ఈ వంశధర్మము పరిపక్వమైన రూపము సఫవీల యంతఃపురమున గానవచ్చును. దీనిని తల్లిదండ్రులు సావధానముగా జదువవలెను. 1587లో రాజై 1629వఱకు ఏలిన షా అబ్బాసును 'మహా' బిరుదముతో బిలుచుచున్నాము. ఇస్పహానును రాజధానిగా జేసి, లోకము మెచ్చు నగరమును గట్టినవాడతడే. అతడు 1615లో పెద్దకొడుకగు సఫీ మీర్జాను అనుమానముతో జంపించెను. మఱియిద్దఱు కొడుకుల కన్నులు తీయించెను. అది మొదలు రాజకుమారులను రాష్ట్రములకు పంపి పాలన నేర్పించు పాత యాచారము పోయి, అంతఃపురమున నిర్బంధించి పెంచు నాచారము స్థిరపడెను. తండ్రికి కొడుకు శత్రువు గనుక వానికి గుఱ్ఱము వద్దు, గ్రంథము వద్దు, లోకజ్ఞానము వద్దు. వాడు తెలివితక్కువవాడై యుండుటయే రాజునకు క్షేమము. 1666లో సులేమానును బట్టాభిషేకమునకు బిలువ వచ్చినప్పుడు, తన్ను జంపుటకో కన్నులు తీయుటకో వచ్చిరని తలచి యాతడును తల్లియు వడకిపోయిరని చెప్పుదురు. ఆతని కుమారుడు సుల్తాన్ హుసేను. ఎవరేమి చెప్పినను 'మంచిది' యని బదులు చెప్పుటచేత ఆ మాటయే యాతనికి మాఱుపేరయ్యెనని ప్రతీతి. 1722 మార్చినెలలో గుల్నాబాదువద్ద ఆఫ్గనుడగు మహమూదు సఫవీ సేనను ఓడించి ఇస్పహానును ముట్టడించెను. నగరమున గఱవు పుట్టి జనులు కుక్కలను, పిల్లులను, తోళ్లను దినిరి, వేలకొలది మరణించిరి. అక్టోబరు నెలలో హుసేను నగరము వెలుపలికి బోయి తన కిరీటభూషణమును దనచేతులతోనే మహమూదు తలకు దొడిగెను. 1725లో మహమూదు బందీలుగా నున్న సఫవీ రాజకుమారులను నఱికించెను.

ఇందులో ముద్దాయి ఎవడు? హుసేను మాత్రమే యనుట న్యాయము గాదు. లోకము చూపకుండ పెంచి, లోకమును బాలింపుమని చేతికిచ్చినవారిది నేరము. ఆ వెర్రిబిడ్డ యొక్క యింటివాడైనచో నా యిల్లు మాత్రమే చెడును. కాని వంశమే న్యాయమను సిద్ధాంతముచేత నొక్క బిడ్డ పెంపకములోని లోపమునకు లక్షల యిండ్లు కూలినవి. వంశముల గొప్పతనమును జెప్పువారు షా అబ్బాసు కట్టించిన మసీదుల గొలుచుచుందురు; ఆతడు కట్టించిన చెరసాలను మాత్రము చూడరు. ఆ చెరసాలలో బెరిగినవారే నూఱేండ్లపాటు దేశము నేలిరి.

నాదిర్షా కథ మన దేశమున నందఱెఱిగినదే. బీదకుటుంబమున బుట్టి, 1736లో రాజై, 1739లో ఢిల్లీని దోచి, నెమలి సింహాసనమును గొనిపోయెను. ఆ సింహాసనము ఆతని యింటి కేమి మేలు చేసినది? కొలది యేండ్లలోనే అనుమానముచేత బెద్దకొడుకు కన్నులు తీయించెను. 1747లో దన సేనాపతులచేతనే హతుడయ్యెను. గ్రుడ్డివాడైన మనుమడు షారుఖు మిగిలియుండగా, 1796లో కజారు వంశపు ఆగా మహమ్మదుఖాను వచ్చి దాచిన రత్నములకై యా ముసలివానిని హింసించెను. ఆ హింసించినవాడు మఱుసటి యేడే సేవకుల కత్తులకు బలియయ్యెను.

ఇచ్చట ప్రతిపక్షులు మమ్మడుగుదురు: "చెడ్డవారిని మాత్రము చూపుదురేల? మంచిరాజులు లేరా?" కలరు. కాదనము. భూమిని గొలిపించి పన్నును నిర్ణయించిన మొదటి ఖుస్రో, అనగా అనుషిర్వాను, గట్టి పాలకుడు. ఆతని కాలముననే బుర్జోయ్ యను వైద్యుడు మన పంచతంత్రమును పహ్లవీభాషలోనికి మార్చెను. కాని 'న్యాయమూర్తి' యని బిరుదమందిన యా రాజే మజ్దకు మతానుసారులను సంహరింపజేసినవారిలో ముఖ్యుడు. కరీంఖాను జందు అంతకంటె మంచివాడు. షిరాజు నగరమునుండి పాలించుచు, 'షా' యను బిరుదమునే స్వీకరింపక, తాను ప్రతినిధిని మాత్రమే యని చెప్పుకొనెను. అంతటి యుత్తముడు 1779లో మరణింపగా నేమయ్యెను? బంధువుల కలహములో ఆయన శవము మూడు దినములు పూడ్చు దిక్కులేక పడియుండెను. పదునైదేండ్లు అంతఃకలహము సాగెను. 1794లో వంశపు కడపటి వీరుడగు లుత్ఫ్ అలీఖాను కన్నులు పోగొట్టుకొని చంపబడెను. మంచిరాజు దేశమునకు మంచి వానవంటివాడు. వాన కురిసినప్పుడు సంతోషింపవలసినదే. కాని చెఱువు త్రవ్వక వానను మాత్రమే పొగడుచు గూర్చుండువానిని రైతని యెవడనును?

రెండవ యాక్షేపణ: "రాజవంశము లేనిచో దేశమునకు ఐక్యమేది? భాషకు రక్షణమేది? షానామా రాజుల గ్రంథము గాదా?" దీనికి బదులు ఆ దేశచరిత్రమే చెప్పుచున్నది. స్వదేశపు వంశమొక్కటియు దేశమంతయు నేలని యా 850 సంవత్సరములలోనే పారసీక సాహిత్యము శిఖర మెక్కినది. తూసు ప్రాంతపు భూస్వామి కుటుంబమున బుట్టిన ఫిరదౌసి 1010లో షానామాను ముగించెను. అప్పుడు గజ్నీలో ఏలుచుండిన మహమూదు తురుష్క బానిసయై వచ్చిన సబక్తగీను కుమారుడు. ఉమర్ ఖయ్యాము సెల్జూకుల కాలమువాడు. హులాగు బాగ్దాదును నాశనము చేసిన 1258వ సంవత్సరముననే సాదీ తన 'గులిస్తాను'ను పూర్తిచేసెను. హాఫిజు చిన్న చిన్న రాజుల కలహములనడుమ షిరాజున బ్రతికెను. ఇక షానామా మాట. ఆ గ్రంథమున దుష్టుడగు జహ్హాకును ఎదిరించి లేచినవాడు కావే యను కమ్మరి. రాజులు తరతరములుగా మోసిన కావ్యానీ పతాకము ఆ కమ్మరి కట్టుకొన్న తోలుగుడ్డ. రాజుల గ్రంథమే రాజధ్వజము పుట్టుక యెక్కడనో చెప్పుచున్నది. చదువువారే దానిని మఱచుచున్నారు.

మఱి నిలిచినదేమి? పెర్సిపోలిసును అలెగ్జాండరు తగులబెట్టెను. 1933లో నచ్చట త్రవ్వకములు జరుపుచుండగా ఎలామీయ భాషలో వ్రాసిన వేలకొలది మట్టిపలకలు బయల్పడినవి. అవి డేరియసు కాలపు లెక్కలు. ఏ పనివానికి ఎంత ధాన్యము, ఏ పనికత్తెకు ఎంత సారాయి, ఏ ప్రయాణికునకు ఎంత పిండి యని వ్రాసియున్నది. స్త్రీలే స్త్రీల పనిని నడపుచు, తమ క్రిందివారికంటె హెచ్చు భత్యము పొందుట యందు గానవచ్చుచున్నది. ప్రసవించిన తల్లులకు ప్రత్యేకముగా ధాన్యమిచ్చిరి. కాని మగబిడ్డను గన్నయామెకు ఆడబిడ్డను గన్నయామెకంటె రెట్టింపు! ఈ యొక్క పంక్తి పది పట్టాభిషేకములకంటె నెక్కువ చరిత్రమును జెప్పుచున్నది. రాజులు కొండలమీద జెక్కించినది తమ గొప్పతనము. లేఖకుడు తడిమట్టిమీద గీసినది దేశపు బ్రతుకు.

ఆ దేశమున ఎండభూములకు ప్రాణము ఖనాతులు. కొండపాదమున తల్లిబావి త్రవ్వి, అచ్చటనుండి స్వల్పమైన వాలుతో భూమిలోపల మైళ్లకొలది కాలువ దొలిచి, మధ్యమధ్య బావులు దింపి, యంత్రమేదియు లేకుండ నీటిని పొలమునకు దెచ్చెదరు. ఏటేట పూడిక దీయకున్న నది నశించును. సైరసు వంశము పోయినది, సాసాను వంశము పోయినది, సఫవీ, కజారు, పహ్లవీ వంశములు పోయినవి. ఖనాతులలో బలుచోట్ల నేటికిని నీరు పాఱుచున్నది. 2016లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ పదునొకండు ఖనాతులను ప్రపంచ వారసత్వ సంపదలో జేర్చినది. వాని ద్రవ్వినవారి పేరులు ఏ వంశావళిలోను లేవు. అవిచ్ఛిన్నతయను మాటకు అర్హమైనది దేశమున నేదియైన నున్నచో అది ఆ పాఱ చప్పుడే.

మన తెలుగునేల కీ కథతో సంబంధము లేకపోలేదు. గోలకొండ కుతుబ్షాహీ వంశమునకు మూలపురుషుడగు సుల్తాన్ కులీ పారసీక దేశపు హమదాను ప్రాంతమునుండి వచ్చినవాడు. వంశధర్మమును గూడ వెంట దెచ్చెనేమో! 1543లో వృద్ధుడగు నాతని హత్యకు కుమారుడు జంషీదే కారకుడు. ఆ కొడుకే యువరాజగు నన్న కన్నులు తీయించెను. తమ్ముడగు ఇబ్రహీము పాఱిపోయి విజయనగరమున నేడేండ్లు తలదాచుకొనెను. 1550లో రాజై, తెలుగుకవులను ఆదరించి 'మల్కిభరాము' డనిపించుకొనెను. అద్దంకి గంగాధరకవి తన 'తపతీసంవరణోపాఖ్యానము'ను ఆతనికి గృతియిచ్చెను. ఆతని యుద్యోగియగు అమీనుఖానునకు పొన్నెగంటి తెలగన్న తొలి యచ్చతెనుగు కావ్యమగు 'యయాతి చరిత్రము'ను గృతియిచ్చెను. 1687లో వంశము పోయినది, కావ్యములు నిలిచినవి. రోజు, బజారు, దరఖాస్తు, సిపాయి, దర్జీ, తరాజు అను పారసీక పదములు మన నోట నిలిచినవి. దర్బారులో మొలచిన వంశము దర్బారుతో వాడినది; అంగడిలో నాటుకొన్న మాట నేటికిని బచ్చగా నున్నది.

రాజవంశముల పొగడ్త నిరపాయమైన వినోదమని తలపరాదు. 1848లో రాజైన కజారు నాసిరుద్దీనునకు మంత్రి అమీరు కబీరు, ఒక వంటవాని కుమారుడు. ఉద్యోగుల లంచములను అరికట్టి, ఆధునిక విద్యలకై దారుల్ ఫునూను పాఠశాలను స్థాపించెను. 1851 డిశంబరులో ఆ పాఠశాల తలుపులు తెఱచిరి. అప్పటికే స్థాపకుడు పదవిపోయి నిర్బంధమున నుండెను. మఱుసటి నెలలో కాషాను దగ్గఱి ఫిను తోటలోని స్నానశాలలో రాజాజ్ఞచే నాతని నరములు కోసి చంపిరి. ఆతడు రాజు సొంత చెల్లెలి భర్త. వంటవాని కొడుకు పాఠశాల నిచ్చెను. వంశాంకురము కత్తి నిచ్చెను. ఆ రాజే 1890లో దేశపు పొగాకు వ్యాపారమంతయు నొక ఆంగ్లేయునకు ధారపోసెను. జనులు పొగాకును మానివేసిరి. రాజు సొంత యంతఃపుర స్త్రీలే హుక్కాలను ద్రోసివేసిరి. 1892లో నా యొప్పందము రద్దయ్యెను. పదునాలుగేండ్లకు, 1906లో, జనులు రాజ్యాంగమును సాధించిరి. 1908లో మహమ్మదలీ షా ఆ శాసనసభను ఫిరంగులతో గొట్టించెను. 1909లో జనులు వానిని గద్దె దింపిరి. అయినను ఆ రాజ్యాంగపు టెన్నికల శాసనమున స్త్రీలకు ఓటు లేదు, 1963వఱకు రాలేదు. హుక్కా ద్రోసివేయుటకు పనికివచ్చిన చేయి చీటి వేయుటకు పనికిరాదట!

రాజు పోయినంతమాత్రమున సర్వము సరియగునని మేము చెప్పము. 1979లో కిరీటము పోయెను; కాని యెదురులేని యధికారము పోలేదు, తలపాగ మార్చుకొనెను. ఇందువలన రాజరికము మంచిదని తేలదు. అధికారమునకు హద్దు గీయు శాసనమును, దానిని గాపాడు జనులును లేనిచోట, రక్తముపేరనైనను దైవముపేరనైనను ఏలువాడు ఒక్కటే పని చేయునని మాత్రము తేలుచున్నది. ఆ హద్దును గీయుటకు 1906లో యత్నించినవారే మా దృష్టిలో పారసీక చరిత్రమున నిజమైన వారసులు.

గృహస్థులారా! మీ పిల్లలు రాజుల పట్టికను వల్లించుచున్నప్పుడు వారించవలదు. కాలక్రమము తెలియుట మంచిదే. కాని ప్రతి పేరునొద్దను రెండు ప్రశ్నలు వేయుడు: ఈతడు గద్దె నెక్కుటకు మూల్యము నెవరు చెల్లించిరి? ఈతడు పోయిన పిదప నేమి మిగిలెను? రెండవ ప్రశ్నకు బదులుగా రాజు పేరు తఱచుగా రాదు. లేఖకుడు, కమ్మరి, వైద్యుడు, కవి, బావి త్రవ్వువాడు, భత్యము పంచిన స్త్రీ వత్తురు. అప్పుడు పిల్లవాడు "మన తాత యెవ" డని యడుగుట మాని, "మన పని యేది" యని యడుగును. కొడుకును నమ్మి లోకము చూపుడు. కూతును నమ్మి చదువు చెప్పింపుడు. మీ వంశము గొప్పదని మాత్రము వారికి జెప్పకుడు. ఆ మాట నమ్మి పెరిగినవారే ఇస్పహాను ద్వారములను తమచేతులతో తెఱచిరి.